ప్రేమదాసు దించిన కారు

పర్చూరు పక్క పల్లెలో స్టీరింగు పట్టుకున్న మొదటి మనిషి ప్రేమదాసు. ఆదివారం ప్రార్థన అయ్యాక అతని తల్లి గుడి గుమ్మంలో నిలబడి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సంగతి చెప్పేది. "మావాడు పొలంలోకి దిగడమ్మా, గుంటూర్లో కారు తోలుతాడు." పొగాకు చేలల్లో పనిచేసి పనిచేసి వేళ్ళు జిగటకట్టిన ఆడవాళ్ళు మూతి తిప్పుకునేవాళ్ళు. తిప్పుకుంటూనే ఇంటికెళ్ళి పిల్లలకు ప్రేమదాసు పేరే చెప్పేవాళ్ళు.

ఇప్పుడు ఆ తల్లీ లేదు, ప్రేమదాసూ లేడు. అతన్ని ఎరిగినవాళ్ళకు ముందు గుర్తొచ్చేవి అతని చేతులు. మనిషి సన్నం, చేతులు మాత్రం హమాలీ చేతులు. ఆ చేతుల్లో చెంచయ్యగారు పసిపిల్లవాడిలా ఒదిగి కూర్చున్న రోజుల్ని గుంటూరు మిర్చి యార్డులో చాలామంది చూశారు. చూసి నవ్వారు కూడా.

చెంచయ్యగారు మిరపకాయల కమీషన్ వ్యాపారి. పత్తి గోదాములు కూడా ఉండేవి. నోరు పెద్దది. ఎదుటివాడు ఎంతటివాడైనా మొదటి మాటలోనే వాడి తండ్రి దాకా వెళ్ళేవాడు. ప్రేమదాసు ఆయన దగ్గర అంబాసిడర్ డ్రైవరుగా చేరినప్పుడు పెట్టిన షరతు ఒక్కటే. "బండి నీది. స్టీరింగూ నీదే. నన్ను మాత్రం తగలమాకు. తలుపు తీసి దూరంగా నిలబడు." ప్రేమదాసు అలాగే నిలబడేవాడు. పెట్రోలు పోయించగా మిగిలిన చిల్లరను ఆయన చేతికిచ్చేవాడు కాదు, బానెట్ మీద పెట్టేవాడు. ఆయన అక్కడినుంచి తీసుకునేవాడు. ఇద్దరికీ అలవాటైపోయింది. ఎవరికీ ఏమీ అనిపించేది కాదు.

పత్తిని తెల్లదోమ తినేసిన ఏడాదికి ముందు ఎండాకాలంలో, గోదాములో పేర్చిన మిర్చి టిక్కీ బస్తాల మీదికెక్కి సరుకు చూస్తూ చెంచయ్యగారు కాలు జారి పడ్డాడు. నడుం విరిగింది. మద్రాసు తీసుకెళ్ళారు. అక్కడ చాలాకాలం ఉంచి చక్రాల కుర్చీ ఇచ్చి పంపారు. నడుం నుంచి కింద ఆయనకేమీ తెలియదు. సూది గుచ్చినా తెలియదు, నిప్పు పెట్టినా తెలియదు.

మనిషి మారలేదు. యార్డుకు పోవాల్సిందే. కాయ తొడిమ పట్టుకుని వాసన చూడాల్సిందే. కుర్చీలోంచి కారులోకి, కారులోంచి కుర్చీలోకి ఎవరెత్తాలి? కొడుకు శేషగిరికి ఉబ్బసం. తండ్రి బరువు కాదు, తన ఊపిరి బరువే మోయలేడు. హమాలీలను పిలిస్తే వాళ్ళు టిక్కీని ఎత్తినట్టు చంకల కింద పట్టి ఎత్తారు. చెంచయ్యగారు కేకపెట్టాడు. చివరికి ప్రేమదాసు ముందుకొచ్చి, ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఇంకో చెయ్యి వీపు వెనక వేసి ఒక్క ఊపిరిలో లేపి సీట్లో కూర్చోబెట్టాడు. నొప్పి తెలియలేదు. ఆ రోజునుంచి ఆయన్ని ఎత్తే పని ప్రేమదాసుదే అయింది, పెరట్లో స్నానాల పీట మీదికి కూడా.

అలాంటి పని జరుగుతుంటే ఇంట్లో ఆచారం ఏం కావాలి? అమ్మగారు ఉపాయం చేసింది. పసుపునీళ్ళలో తడిపి ఆరేసిన తుండుగుడ్డొకటి కారు డిక్కీలో పెట్టించింది. ఎత్తే ముందు ప్రేమదాసు ఆ తుండును రెండు చేతులమీదా పరుచుకోవాలి. తుండు మీద చెంచయ్యగారు ఉంటాడు. తుండు కింద ప్రేమదాసు ఉంటాడు. తుండుంటే అంటు లేదు.

యార్డులో హమాలీలకు ఇదంతా రోజూ పండగ.

"ఏరా దాసూ, పెళ్ళికూతుర్ని దింపావా?"

"మెల్లగా రా, తొడిమ ఊడుద్ది!"

"తుండు తడిగా ఉందా పొడిగా ఉందా చూసుకో. తేడా వస్తే పెద్దాయనకి నీ దేవుడు అంటుకుంటాడు."

చెంచయ్యగారు ప్రేమదాసు చేతుల్లోంచే వాళ్ళను చూసేవాడు. "నవ్వండ్రా, నవ్వండి. మీ కాళ్ళు మీకున్నాయిగా." ఆ తర్వాత రోజంతా ఆ కోపం ప్రేమదాసు మీదికి తిరిగేది. బ్రేకు వేస్తే తిట్టు, వెయ్యకపోతే తిట్టు. తిట్టాక సాయంత్రం మళ్ళీ ఆ చేతుల్లోకే రావాలి. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు తిట్టు ఇంకా ముతకగా ఉండేది.

ఎత్తించుకోకుండా బండెక్కే మార్గం కోసం ఆయన చాలా వెతికాడు. టేకుబల్ల ఒకటి నున్నగా చేయించాడు. ఒక కొస కుర్చీ మీద, ఇంకో కొస కారు సీటు మీద పెట్టి, చేతుల బలంతో జరుగుతూ లోపలికి పోవాలని. చేతులకు బలముంది. కానీ కారు సీటు కుర్చీ కంటే నాలుగు వేళ్ళు ఎత్తు. బల్ల ఏటవాలైపోయి, ఎక్కినంత కిందికి జారేవాడు. శేషగిరి కుర్చీలో రెండు దిండ్లు వేయించాడు. ఎత్తు సరిపోయింది. కానీ అంత ఎత్తున కూర్చుంటే కుర్చీ చేతులు ఆయన్ని ఆపలేదు. యార్డు మధ్యలో పక్కకొరిగి, ఆరబోసిన మిరపకాయల రాశి మీద బోర్లా పడ్డాడు.

ప్రేమదాసు పరుగెత్తాడు. చేతులు చాచాడు. కళ్ళల్లోకి, ముక్కుల్లోకి ఘాటు పోయి, దగ్గుతూ, నీళ్ళు కారుస్తూ చెంచయ్యగారు తలెత్తి అడిగాడు.

"తుండేదిరా?"

తుండు డిక్కీలో ఉంది. కారు అవతల చింతచెట్టు కింద ఉంది. ప్రేమదాసు వెళ్ళి, డిక్కీ తాళం తీసి, తుండు తెచ్చి, చేతులమీద పరుచుకుని, అప్పుడు ఎత్తాడు. అందాకా ఆయన మిరపకాయల్లోనే ఉన్నాడు. అంత నవ్వే హమాలీల్లో ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు.

కళ్ళు వాచిపోయి పడుకున్న చెంచయ్యగారు మూడోనాడు లేచి కూర్చుని, "కుర్చీ పైకి రాకపోతే కారునే కిందికి దించండి," అన్నాడు.

"సీటు స్ప్రింగులు తీయిస్తే సరిపోతుందిగా నాన్నా," అన్నాడు శేషగిరి.

"సీట్లో కూరుకుపోయి కూర్చుంటే కిటికీలోంచి ఏం కనపడతదిరా, నా తలపాగానా? నేనొస్తుంటే యార్డుకి నా మొహం కనపడాలి. మొత్తం బండే దిగాలి." ప్రేమదాసు వైపు తిరిగాడు. ఆ రోజు గొంతులో తిట్టు లేదు. "ఏటుకూరు రోడ్డులో నీకు తెలిసిన తురకాయన ఉన్నాడుగా, వాడిచేత చేయించు. ఏమేం మార్చాలో నువ్వే చూసుకో. బండి దిగిందంటే నీకు నన్ను మోసే బాధ తప్పుద్ది. మా అల్లుడి ఊళ్ళో మనోళ్ళ కుర్రాడొకడు డ్రైవింగు నేర్చుకుని ఖాళీగా ఉన్నాడంట. మోయలేడనే ఇన్నాళ్ళూ పిలిపించలా."

ప్రేమదాసుకు అర్థమైంది. తన చేతుల్తోనే కారును దించాలి. దించితే తన చేతుల అవసరం తీరిపోతుంది.

అతనికి కారు షెడ్డు వెనక ఒక గది ఇచ్చారు. భార్య జయకుమారికి నెలలు నిండుతున్నాయి. సంగతి విని ఆమె పొయ్యి ముందునుంచి లేవలేదు.

"ఆ కుర్రాడొస్తే ఈ గది కూడా వాడికేగా?"

"వాడికే."

"మరి మనం?"

"పల్లెకి."

"పల్లెకెళ్ళి ఏం చేస్తావు? కాయ కోస్తావా? మీ అమ్మ మొహం ఎట్టా చూస్తావు?" ఆమే మళ్ళీ అంది. "కారు దిగినా ఆయనకి అందులో సుఖం లేకుండా పోతే? కూర్చోలేకపోతే? మళ్ళీ ఎప్పట్లా చెయ్యమనేగా అంటాడు. నాకు కార్ల సంగతి తెలీదు. నీకు తెలుసుగా."

ఏటుకూరు రోడ్డులో ఖాజావలి షెడ్డు రేకుల కొట్టం. ఒక పక్క లేతు మిషను, ఒక పక్క జాకీలు. ప్రేమదాసు లారీ క్లీనరుగా ఉన్న రోజుల్నుంచీ ఎరుగును. బాబాయ్ అని పిలిచేవాడు. ఖాజావలి బండి కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"దించటం కష్టమేం కాదురా. వెనక బరువు మోసే కమాన్ కట్టల్లో ఒక పట్టీ తీసేసి మిగతావి సాపు చేస్తా. ముందు కడ్డీల బిగువు సడలిస్తా. నాలుగు వేళ్ళు దిగుద్ది. కానీ ఈ బుష్షులన్నీ అరిగిపోయినయ్, మార్చాల్సిందే. ఏవి వెయ్యమంటావో చెప్పు."

రెండు రకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి నల్ల రబ్బరుది. బొటనవేలంత లావు గొట్టం, మధ్యలో బోల్టు దూరే రంధ్రం. గోరుతో నొక్కితే లొంగింది. ఇంకోటి బెల్లంపాకం రంగులో ఉంది. ప్రేమదాసు గోరు నొక్కాడు. గోరే వంగింది.

"ఇదేంది బాబాయ్?"

"పీయూ అంటారు. పాలీయురిథేన్. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో రాళ్ళు జారే చోట పరుస్తారంట. తుక్కులో కడ్డీ దొరికితే లేతు మీద తిప్పా. రెండు లారీలకేశా. అరగటంలా."

"మరి ఇదే ఏద్దామా?"

"లారీలో కూర్చునేది మిరపకాయలురా. అవి అమ్మో అనవు." ఖాజావలి రబ్బరు బుష్షును అరచేతిలో వేసుకుని నలిపాడు. "చక్రం గోతిలో పడ్డప్పుడు ఆ దెబ్బ ఇది తింటది. తిని లోపలే దాచుకుంటది. అందుకే ఇది తొందరగా చస్తది, మనం బతుకుతాం. ఆ గట్టిది తినదు. కింద ఎంత తగిలిందో అంతా పైన కూర్చున్నోడికి పంపుద్ది. దించిన బండిలో కమాను ఆడే చోటు కూడా తక్కువ. మీ పెద్దాయనకి రబ్బరే ఏయించు."

"రబ్బరు తొందరగా చిరిగిపోద్దిగా?"

"బిగించే పద్ధతిలో బిగిస్తే చిరగదు. జాకీ మీద చక్రాలు వేలాడుతుంటే నట్లు బిగిస్తారు చూడు, అక్కడే తప్పు. బండి దించగానే రబ్బరు మెలితిరిగి అట్టాగే ఉండిపోద్ది. నాలుగు చక్రాలూ నేలకానాలి, మనిషి బరువు లోపలుండాలి, అప్పుడు బిగించాలి. నేనట్టాగే చేస్తా."

ప్రేమదాసు గట్టి బుష్షును చేతిలోంచి కింద పెట్టలేదు. చెంచయ్యగారి వీపు అతనికి తెలుసు. విరిగిన చోటుకు పైన అంతా పచ్చిపుండులా ఉంటుంది. మామూలు బండిలోనే రైలుగేటు దాటేటప్పుడు పళ్ళు బిగబట్టేవాడు. ఈ బుష్షులతో వారం తిరిగితే, బాబోయ్ వద్దు, బండి ఎప్పట్లా చేసి నువ్వే ఎత్తమంటాడు. ఎవరి తప్పూ ఉండదు. కొత్త సరుకు, గట్టి సరుకు, అరగని సరుకు వేయించానని చెప్పొచ్చు.

"ఇయ్యే ఎయ్యి బాబాయ్."

"ఒరేయ్, నడుం విరిగిన మనిషిరా ఆయన."

"ఆయనే గట్టియి ఉండాలన్నాడు."

ఖాజావలి అతని మొహంలోకి కాసేపు చూశాడు. "నీ ఇష్టం. తోలేవాడివి నువ్వు," అని లేతు వైపు నడిచాడు.

బండి తయారయ్యాక ప్రేమదాసు ఒక్కడే తోలుకొచ్చాడు. రోడ్డుమీద ప్రతి గులకరాయీ పళ్ళల్లో తగిలింది. రైలుగేటు దగ్గర పట్టాలు దాటుతుంటే నాలుక కరుచుకున్నాడు. నోట్లో రక్తం రుచి తగులుతుంటే అతనికి చాలాకాలం తర్వాత నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్న చెంచయ్యగారు వాకిట్లో బల్ల వేయించుకున్నాడు. బల్ల సమంగా నిలిచింది. రెండు అరచేతులూ ఆనించి, మొండెం లేపి, ఒక్కో జానెడే జరుగుతూ సీట్లోకి వెళ్ళాడు. చచ్చుబడ్డ కాళ్ళను పంచెతో సహా చేత్తో పట్టి లోపలికి లాక్కున్నాడు. చెమటలు కారుతున్నాయి. ఎవరివైపూ చూడలేదు. గుమ్మంలో నిలబడి అమ్మగారు ఏడ్చింది.

ప్రేమదాసు ఆ రోజు ఒక్క గొయ్యీ తప్పించలేదు. ఒక్కో దెబ్బకీ పైనున్న అద్దంలోకి చూశాడు. గేటు దగ్గర పట్టాలమీద బండి దభీమని కొట్టుకుంది. అద్దంలో చెంచయ్యగారి మొహం నొప్పితో ముడుచుకుంది. తర్వాత విచ్చుకుంది.

"అబ్బ! ఇదిరా బండంటే!"

ప్రేమదాసు విన్నది నమ్మలేక అడిగాడు. "నడుం తగలట్లేదాండీ?"

"తగులుద్ది. తగలనీ. ఇదివరకు పడవలో కూర్చున్నట్టు అటూ ఇటూ ఊగేవాణ్ణి. కాళ్ళ పట్టు లేదుగా, ప్రతి మలుపుకీ పడిపోతానేమోనని ప్రాణం పోయేది. ఇది చూడు, బండరాయి. మలుపులో కూడా ఊగలా." ఆయన కిటికీలో మోచెయ్యి పెట్టుకున్నాడు. "బాగా చేయించావురా."

యార్డులో బల్లమీద తనంతట తాను కుర్చీలోకి దిగాడు. హమాలీలు టిక్కీలు దించటం ఆపి చూశారు.  ఆయన వాళ్ళందరినీ ఒక్కొక్కర్నే పేరుపెట్టి పిలిచి, వాళ్ళ తండ్రుల్ని కూడా కలిపి, తనివితీరా తిట్టాడు. వెనక నిలబడ్డ ప్రేమదాసుకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయనే చెప్పాడు. "దసరా పోయాక ఆ కుర్రాణ్ణి రమ్మన్నా. నీ పెళ్ళానికి కాన్పయ్యేదాకా గదిలో ఉండండి. నేనంత కసాయిని కాను."

ఆనాటినుంచి ఎత్తటం అన్నదే లేకుండా పోయింది. బల్ల రుచి మరిగాక ఆయన స్నానానికి కూడా ఎత్తనివ్వలేదు. కుర్చీలోనే కూర్చుని పైపైన తడిగుడ్డతో తుడుచుకునేవాడు. నడుం కింద భార్యను కూడా చూడనిచ్చేవాడు కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనో, ఆ గట్టి బండిలోనో, ఒకే తీరున కూర్చునేవాడు. చిలకలూరిపేట, నరసరావుపేట, సరుకెక్కడ ఉంటే అక్కడికి. నడవలేని మనిషి నడిచే మనుషులకంటే ఎక్కువ తిరిగాడు.

కారులో వాసన ముందుగా ప్రేమదాసుకే తెలిసింది. ఎలుక చచ్చిందేమోననుకుని సీటు కింద వెతికాడు. ఎలుక లేదు. వెనక సీటు గుడ్డమీద అరచేతి వెడల్పున తడి మరక. పచ్చగా, అంచుల్లో ఎర్రగా. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

మద్రాసులో తెలుగు కుర్ర డాక్టరొకాయన ఉండేవాడు. తర్వాత ఒకసారి చూపించటానికి మళ్ళీ తీసుకెళ్ళినప్పుడు, ఎత్తేది ఇతనేనని తెలిసి, శేషగిరిని కాదని ప్రేమదాసునే పక్కకు పిలిచి చెప్పాడు. స్పర్శ లేని చోట పుండు పడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఆయనకు తెలియదు, ఎత్తినప్పుడల్లా నువ్వే చూడాలి, ఒకే చోట ఎక్కువసేపు ఆననివ్వకూడదు. ఆ మాట ఆ ఇంట్లో విన్నది ప్రేమదాసు ఒక్కడే. ఎత్తినన్నాళ్ళూ పంచె మార్చేటప్పుడు చూసేవాడు. ఎర్రబడితే కొబ్బరినూనె రాసేవాడు.

సీటు గుడ్డ ఉతికి ఆరేశాడు. మర్నాడు యార్డులో ధైర్యం చేశాడు.

"అయ్యా, ఒకసారి ఒరిగించి చూస్తానండి. వెనక ఏదో..."

"ఏం చూస్తావురా?" చెంచయ్యగారు అందరికీ వినపడేట్టు అరిచాడు. "ఎత్తటం మానేశానని చేతులు దురద పెడతన్నాయా? దురద పెడితే టిక్కీలు మొయ్యి!"

హమాలీలకు చాలాకాలానికి మళ్ళీ నవ్వు దొరికింది. ఈసారి చెంచయ్యగారు వాళ్ళతో కలిసి నవ్వాడు.

ప్రేమదాసు తలొంచుకుని కారు దగ్గరికొచ్చాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. శేషగిరికి చెప్పొచ్చు, చెప్పలేదు. అమ్మగారికి చెప్పొచ్చు, చెప్పలేదు. రోజూ సాయంత్రం సీటు గుడ్డ ఉతికాడు. అగరువత్తి వెలిగించి బండిలో పెడితే, క్రైస్తవుడికి అగరువత్తులెందుకురా అని చెంచయ్యగారు వేళాకోళం చేశాడు. గొయ్యి వస్తే ప్రేమదాసు పక్కకు తిప్పలేదు. దెబ్బ పడ్డప్పుడల్లా వెనక సీట్లో ఆ శరీరం లేచి, అదే చోట మళ్ళీ పడిన చప్పుడు అతనికి వినపడేది. వెనకనుంచి ధర గురించో, వాన గురించో మాట వినపడేది. ఆ మాటలో ఏ తేడా ఉండేది కాదు.

ఇంట్లో జయకుమారి అడిగింది. "నీ చేతుల దగ్గర ఏందయ్యా ఆ వాసన?"

"సీటు."

ఆమె ఇంకేం అడగలేదు. దసరా దగ్గరికొస్తోందని ఆమెకూ తెలుసు.

దసరాకు ముందే చెంచయ్యగారికి యార్డులో చలిజ్వరం తగిలింది. పళ్ళు కొట్టుకుంటూ, కాయను చేతిలో పట్టుకునే కుర్చీలో వాలిపోయాడు. బల్ల పనికిరాలేదు. ప్రేమదాసు ఎత్తాడు. తుండు ఎవరికీ గుర్తు రాలేదు. కారులో పడుకోబెట్టి చెయ్యి బయటికి తీస్తే, మోచేతి దాకా తడి. పక్కనున్న హమాలీ ఆ చేతిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆసుపత్రిలో బోర్లా తిప్పి చూసినప్పుడు శేషగిరి బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. పుండు లోపల ఎముక కనపడింది. డాక్టరు కోపంతో అడిగాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ చూళ్ళేదా? వాసనైనా రాలేదా?"

శేషగిరి ప్రేమదాసు వైపు చూశాడు. ప్రేమదాసు నేల వైపు చూశాడు.

"నాన్నగారు ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదండి," అన్నాడు శేషగిరి చివరికి. అది నిజమే కాబట్టి ఆ మాట అక్కడితో ఆగింది.

చచ్చిన కండంతా కోసేసి ఇంటికి పంపారు. ఇక కూర్చోకూడదు. బోర్లా, లేకపోతే పక్కకు. గంట గంటకూ తిప్పాలి, రోజూ కట్టు మార్చాలి. అమ్మగారు ఒకరోజు ప్రయత్నించి, కట్టు విప్పగానే కళ్ళు తిరిగి పడిపోయింది. కోడలు గుమ్మం దాటి లోపలికి రాలేదు. నర్సును పెడితే ఆయన నోటికి రెండోరోజే పారిపోయింది. బంధువులొచ్చి ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, వాకిట్లోనే పలకరించి, వాకిట్లోనే కాఫీ తాగి వెళ్ళారు.

దసరా పోగానే అల్లుడి ఊరి కుర్రాడొచ్చాడు. శేషగిరి తాళంచెవులకోసం ప్రేమదాసు ముందు చెయ్యి చాచాడు. ప్రేమదాసు బానెట్ మీద పెట్టబోయి, ఆగి, ఆ చేతిలోనే పెట్టాడు.

"నువ్వెక్కడికీ పోవద్దు దాసూ," అన్నాడు శేషగిరి. "గది నీదే. నాన్న దగ్గరుండు. నీకంటే ఎవరికి తెలుసు ఆయన్ని ఎట్టా పట్టుకోవాలో? ఆ కుర్రాడు బండి చూసుకుంటాడు."

అలా ప్రేమదాసు ఉద్యోగం నిలబడింది. ఎప్పుడూ గుమ్మం దాటని ఇంట్లో, నడిమి గదిలో, మంచం పక్కన చాప వేశారు. మలం ఎత్తటం, కట్టు విప్పటం, పుండు కడగటం, ఒరిగించటం. చిల్లర చేతికివ్వకూడని మనిషి చెయ్యి ఇప్పుడు పుండులోకి వెళ్ళి గుడ్డ కుక్కి వస్తోంది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. జయకుమారికి ఆడపిల్ల పుట్టింది. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నా, ఆమె అతని చేతికి పిల్లనివ్వలేదు. "ఆ వాసన పోయేదాకా వద్దయ్యా. నా మాట విని మానెయ్. పల్లెకి పోదాం."

"నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానీయట్లా ఆయన."

ఆ మాటలో ఆమెకు ఏం వినిపించిందో, మొహం తిప్పుకుంది.

ఒకరోజు ఖాజావలి పాత బుష్షుల మూట పట్టుకుని ఇంటి గేటు దగ్గరికొచ్చాడు. కోడలికి కారులో నడుం నొప్పెడుతోందని శేషగిరి బండిని మళ్ళీ పైకి లేపించి రబ్బరు బుష్షులు వేయించుకున్నాడు. ఖాజావలి మూటలోంచి ఒకటి తీసి చూపించాడు.

"చూడరా, గీత పళ్ళా. కొత్తదానిలాగే ఉంది."

"ఏం చేస్తావు బాబాయ్ వీటిని?"

"లారీకేసుకుంటాడు ఎవడో ఒకడు." మూట కట్టి, వెళ్ళబోయి, ఆగాడు. "ఒరేయ్ దాసూ, నిజంగా ఆయనే అడిగాడా గట్టియి కావాలని?"

లోపల్నుంచి కేక వినపడింది. "ఒరేయ్, ఎక్కడ చచ్చావురా?"

"ఒరిగించే వేళయింది బాబాయ్," అని ప్రేమదాసు లోపలికి వెళ్ళిపోయాడు.

చెంచయ్యగారు బోర్లా పడుకుని, చెంప దిండుకానించి ఉన్నాడు. నోరు ఇంకా పెద్దదే. మనిషే కుంచించుకుపోయాడు. ప్రేమదాసు కట్టు విప్పుతుంటే మాట్లాడుతూనే ఉన్నాడు.

"బండెట్టా ఉందిరా?"

"బానే ఉందండి."

"నా కొడుకు ఆ బుష్షులు మార్పిస్తానంటాడేమో, మార్చనీకు. పుండు మానగానే యార్డుకెళ్దాం. కొత్త కాయొచ్చే వేళకి మానుద్దిగా?"

ప్రేమదాసు గుడ్డ తడుపుతున్నాడు. చేతి కింద ఎముక తెల్లగా ఉంది.

"మానుద్దండి."

"నీకో సంగతి చెప్పనా? చెప్తే నెత్తికెక్కుతావుగానీ. మద్రాసు డాక్టర్లు, నా కొడుకు, నా పెళ్ళాం, అందరూ నన్ను పడుకోబెట్టాలనే చూశార్రా. ఆ బండి చేయించి నన్ను కూర్చోబెట్టింది నువ్వొక్కడివే. నా బతుకులో నాకు మంచి చేసినోడెవడంటే నీ పేరే చెప్పుకోవాలి. ఖర్మ కాకపోతే!" అని నవ్వాడు. నవ్వితే వీపు కదిలింది, పుండు అంచులు కదిలాయి. ఆయనకు ఏమీ తెలియలేదు.

ప్రేమదాసు పుండు మీదికి వంగాడు. గుడ్డ పిండి, మళ్ళీ లోపలికి పెట్టి, మెల్లగా తుడవటం మొదలుపెట్టాడు.

"అయిపోయిందా?" అన్నాడు చెంచయ్యగారు.

"ఇంకా లేదండి."